షోలాపూరు పట్టణమును చూచుట ఎట్లు?

చేనేత సోదరులకు మనవి.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, యానాముల నుండి మన వారు సరుకునకో, పెండ్లికో, మొక్కుబడికో మా షోలాపూరు వచ్చుచుందురు. స్టేషనులో దిగి, బజారులో చద్దర్లు బేరమాడి, సిద్ధేశ్వరుని దర్శనము చేసికొని రాత్రి బండికి మరలిపోవుదురు. "ఈ ఊళ్ళో ఏమున్నదండీ, దుమ్మూ మగ్గాల చప్పుడూ తప్ప" అనువారును కలరు. ఆ చప్పుడే ఈ ఊరి చరిత్ర అని మా మనవి. ఒక్క పూట తీరిక చేసికొన్నచో నడచియే దానిని తెలిసికొనవచ్చును.

మొదట చెరువు కడకు పోవలెను. 12వ శతాబ్దమున సిద్ధరాముడను శివశరణుడు ఇచ్చట నుండెను. కన్నడమున వచనములు చెప్పిన మహనీయుడాయన. ఈ చెరువును ఆయనయే త్రవ్వించెనని జనుల నమ్మకము. సంక్రాంతికి జరుగు జాతరలో నందిధ్వజములను, అనగా మిక్కిలి పొడవైన అలంకరించిన కోలలను, భక్తులు నిలువుగా మోసికొని ఊరేగుదురు. చెరువు ప్రక్కనే బహమనీల కాలము నాటి కోట ఉన్నది. 1818లో ఆంగ్లేయులు దీనిని పీష్వాల వద్ద నుండి గెలిచికొనిరి. మిల్లులు రాకముందే ఇది గుడి, కోట, సంత గల ఊరు.

పిదప రైలు స్టేషను సంగతి. బొంబాయి నుండి రైలు 1860లో ఇచ్చటికి వచ్చినది. 1871 నాటికి అదే దారి రాయచూరు వద్ద మద్రాసు దారితో కలిసినది. 1874లో వాడి నుండి సికిందరాబాదునకు బండ్లు నడచినవి. చుట్టుప్రక్కల ప్రత్తి పండును, దానిని మోయుటకు రైలు వచ్చినది. కనుక 1874లోనే మొరార్జీ గోకుల్‌దాసు గారు నూలు, బట్టల మిల్లు కంపెనీని స్థాపించిరి. తరువాత లక్ష్మీ, నరసింగ్ గిర్జీ, విష్ణు మిల్లులు రాగా, మొదటి దానికి జూనీ మిల్లు, అనగా పాత మిల్లు, అను పేరే నిలిచిపోయినది. 1876-78 కరవులో దక్కను పల్లెలు పాడైనవి. కూలికై వచ్చినవారు పట్టణములు నింపిరి.

ఇక తూర్పు వైపునకు రండు. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట సందులలో తెలుగు వినబడును. మన పద్మశాలీల పెద్దలు నిజాము రాజ్యములోని తెలంగాణా పల్లెల నుండి తరతరాలుగా ఇచ్చటికి వచ్చిరి. మిల్లు వచ్చి మగ్గమును చంపినదని మనము వినుచుందుము. షోలాపూరులో కథ అంత సులభము కాదు. మిల్లు బట్టతో పోటీ ఉన్న మాట నిజమే గాని, మిల్లు వడికిన నూలే మన మగ్గములకు మేత అయినది. నూలు గుమ్మము ముందే దొరకుటయు, చీరకు గిరాకి ఉండుటయు మన వారిని ఇచ్చట నిలిపినవి. చాలమందికి సొంత మగ్గము లేదు. కార్ఖానాదారు కొట్టములో, అతని మగ్గము మీద, ముక్కకింత కూలికి నేయుచుండిరి. ముందుగా తీసికొన్న బాకీ తీరువరకు వేరొక కొట్టమునకు పోవుట కష్టము. ఈ సంగతి మరచి పట్టణ వైభవమును మాత్రమే చెప్పుట న్యాయము కాదు.

ఇంటి ఆడవారి పాలు కూడ చెప్పవలెను. మగవాడు మగ్గము మీద నుండగా ఆమె కండెలు చుట్టినది, బీడీలు చుట్టినది. మగ్గము ఆగిన నెలలలో ఎన్ని ఇండ్ల పొయ్యి బీడీ కూలితో వెలిగినదో మన సంఘ సభ్యులకు వేరుగ చెప్పనక్కర లేదు.

తొమ్మిది గజముల చీరకు గిరాకి తగ్గిన కొలది మన వారు చద్దరు వైపు మరలిరి. చేతి మగ్గము స్థానమున మరమగ్గము వచ్చినది. జకార్డు పెట్టెలో రంధ్రములు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుచుండగా, ఏ పడుగు పోగు లేవవలెనో ఆ రంధ్రములే నిర్ణయించును. పూవైనను నెమలియైనను ముందు అట్టల మీదనే పుట్టును. చద్దరును తిరగవేసి చూడుడు. ఒక ప్రక్క రంగు నేల మీద తెల్లని పూవు ఉన్నచో, రెండవ ప్రక్క తెల్లని నేల మీద రంగు పూవు కనబడును. అచ్చు వేసిన బట్టకు ఈ గుణము రాదు.

తిరిగి వచ్చునప్పుడు హుతాత్మ చౌకులో ఒక్క నిమిషము నిలువుడు. 1930 మే నెలలో గాంధీగారిని నిర్బంధించినప్పుడు ఈ ఊరి జనము, మిల్లు కార్మికులతో సహా, వీధులలోనికి వచ్చిరి. కాల్పులు జరిగినవి, పోలీసు ఠాణాలు తగులబడినవి, సైనిక శాసనము వచ్చినది. మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుసేన్ అను నలుగురిని 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీసిరి. నలుగురి కులమతములు వేరు, ఊరొక్కటే. కన్నడ, మరాఠీ, తెలుగు, ఉర్దూ కలసి బ్రతికిన ఊరు ఎట్టిదో ఆ పేర్లే చెప్పును.

కోటకు చరిత్రకారులున్నారు, హుతాత్ములకు విగ్రహములున్నవి. మన సందులకు మాత్రము శిలాశాసనము లేదు. ఆ పాత మిల్లులు నేడు నడచుట లేదు. కార్ఖానాల కూలి పద్దులు, పాత అట్టల కట్టలు, నమూనా ముక్కలు పాత సామాను వానికి తూకముతో పోవుచున్నవి. ఇది వట్టి జ్ఞాపకముల సంగతి కాదు. భౌగోళిక గుర్తింపు చట్టము 2003లో అమలునకు వచ్చిన పిదప షోలాపూరు చద్దరు దాని క్రింద నమోదైనది. ఈ పేరు ఈ ఊరి పనిదే అని చెప్పుటకు పేటలోని పద్దు పుస్తకమునకు మించిన సాక్ష్యమేది?

కావున మా కోరిక ఇది. ప్రతి సంఘమును ఒక పెట్టె కేటాయించి పాత పద్దులను, అట్టలను, ఒక్కొక్క రకము బట్ట ముక్కను తేదీ వ్రాసి భద్రపరచవలెను. వృద్ధులను కూర్చుండబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగి వ్రాసికొనవలెను: ఏ పల్లె నుండి వచ్చితిరి, ఏ కొట్టములో నేసితిరి, ఏ నంబరు నూలు, కూలి ఎంత? షోలాపూరు వారికే కాదు, మన వారు మగ్గము పాతిన ప్రతి పట్టణమునకును ఇది వర్తించును. వ్రాసిన దానికి ఒక ప్రతి మా సంఘమునకు పంపినచో రసీదు ఇచ్చి దాచగలము.