కరువు కాలువ గట్టున ఉజ్జీవము



ఈ మధ్య మా సింగరాయకొండ చుట్టుపట్ల ఏ సంఘానికి వెళ్ళినా ఒక ప్రార్థన తప్పకుండా వినబడుతోంది. ఉజ్జీవము రావాలి, మా ఊరికి రావాలి, మా ఇంటికి రావాలి అని. పంట చేతికొచ్చి చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజుల్లో ఈ ప్రార్థన ఇంత గట్టిగా వినబడదు. పొగాకు బేళ్ళకు వేలంలో ధర పలకనప్పుడు, మిరప తోట పూత మీదనే పోయినప్పుడు, మోకాళ్ళు వాటంతట అవే వంగుతాయి. అందులో తప్పేమీ లేదు. ఇశ్రాయేలీయులు మొఱ్ఱపెట్టినదీ ఐగుప్తు ఇటుక బట్టీల దగ్గరే గదా.

ఐతే ఉజ్జీవము అనే మాటకు మనము ఏ అర్థం చెప్పుకుంటున్నాము? కరపత్రాలు చూస్తే ఒక్కోసారి భయం వేస్తుంది. మూడు రాత్రుల కూటములకు వస్తే అప్పులు తీరిపోతాయట, ఆగిపోయిన పెళ్ళిళ్ళు జరుగుతాయట. నాలుగో రోజు ఉదయం అప్పులవాడు గుమ్మంలో నిలబడినప్పుడు ఆ కుటుంబం దేవుణ్ణి గూర్చి ఏమనుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ మేము దూరదేశాల ఉజ్జీవములను గూర్చి చదవనక్కరలేకపోయింది. మన జిల్లాలోనే, మన తాతముత్తాతల నాటి కరువులోనే జవాబు ఉంది.

సింగరాయకొండకు తూర్పున, సముద్రానికి ఇవతల బకింగ్‌హాం కాలువ ఉంది. దాని మీద పడవలు నడిచిన రోజులు పోయాయి. మన పిల్లలకు అది ఒక పాత కాలువ, అంతే. కాని ఈ కోస్తా పొడవునా ఆ కాలువలో చాలా భాగం ఆకలిగొన్న మనుషులు తవ్విన కాలువ. 1876లో వర్షాలు తప్పాయి. 1877లో కూడా కాలం కలిసి రాలేదు. మద్రాసు రాజధానిలో లక్షలాది మంది చనిపోయారు. ఆ కాలంలోనే రేవుల నుండి ధాన్యం ఓడల మీద పైదేశాలకు పోతూనే ఉంది. 1877 ఆరంభంలో కరువు పనులలో మగ మనిషికి ఇవ్వమన్న కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. అంటే అర కిలో కంటే తక్కువ గింజలు తిని పగలంతా మట్టి తవ్వాలి. ఇంటి యజమానురాలైన ప్రతి తల్లికీ ఆ లెక్క మేము విప్పి చెప్పనక్కరలేదు.

ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ ముక్కను తవ్వించే కాంట్రాక్టు ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు తీసుకున్నారు. వాక్యం చెప్పవలసిన దొరకు మట్టి పనేమిటని ఇప్పుడు కొందరికి అనిపించవచ్చు. ఆయన మిషనరీ కాకమునుపు అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. గొలుసు వేయడం, కొలతలు తీయడం ఆయనకు తెలుసు. ఊరకే దానం పంచడం కన్న, పని కల్పించి కూలి సరిగా ముట్టజెప్పడం మేలని తలంచారు. ఆయనతో ఉన్న తెలుగు బోధకులు కాలువ గట్టు మీద మేస్త్రీలయ్యారు. తాటాకు పాకలు లేచాయి. వేలమంది వచ్చారు. కలరా కూడా వచ్చింది. పొద్దున పనిలోకి దిగినవారు మరునాటికి లేకుండా పోయిన రోజులవి.

మధ్యాహ్నం పని ఆపి నీడపట్టున కూర్చున్న వేళ బోధకులు వారి మధ్య కూర్చునేవారు. పెద్ద ప్రసంగాలు లేవు. ప్రయాసపడి భారము మోసేవారిని యేసుప్రభువు తన యొద్దకు పిలిచిన మాట, మత్తయి సువార్త 11వ అధ్యాయములోనిది, మళ్ళీ మళ్ళీ చెప్పేవారు. నెత్తి మీద తట్ట మోసి అప్పుడే దించినవారికి ఆ మాటకు వ్యాఖ్యానం అవసరమా?

ఇక్కడ ఒక సంగతి మనము నిదానంగా చూడాలి. అన్ని వేలమంది కళ్ళెదుట ఉన్నారు, వాక్యం వింటున్నారు, బాప్తిస్మము అడుగుతున్నారు. క్లౌ దొర ఇవ్వలేదు. సుమారు 15 నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి తన చేతి మీదుగా పోతున్నంతకాలం ఎవరు ప్రభువు కోసం వస్తున్నారో, ఎవరు కూటి కోసం వస్తున్నారో తేల్చడం తన వల్ల కాదని ఆయనకు తెలుసు. కోటి విద్యలు కూటి కొరకే అన్న సామెత మన భాషలోనిదే గదా. కనుక తిండి పెట్టే చేయి వేరు, సంఘములో చేర్చుకునే చేయి వేరుగా ఉంచారు. సంఘము ఆకలిగొన్నవాణ్ణి ఏ మతమని అడగకుండా పనిలో పెట్టుకున్నది. విశ్వాసిని చేర్చుకోవడానికి మాత్రం తొందరపడలేదు.

1878 నడిమికి కరువు సహాయం ముగిసింది. ఒంగోలుకు ఉత్తరంగా సుమారు 10 మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో తన బోధకులను కలుసుకోవాలని క్లౌ దొర కబురు చేశారు. బోధకుల వెంట జనం వేలుగా వచ్చారు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, ఇళ్ళకు పొండని ఆయన వారికి చెప్పి చూశారు. డబ్బు అడగడానికి తాము రాలేదని, పని చేసుకునే బ్రదికామనడానికి తమ అరచేతుల బొబ్బలే సాక్ష్యమని, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతామేమో గాని క్రైస్తవులుగా చావాలని ఉందని వారు బదులిచ్చినట్లు ఆయన జ్ఞాపకాలలో ఉన్నది. ఇంక ఆయన కాదనలేకపోయారు.

జూలై 2న 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందారు. మూడు దినాలకు 3536. ఆ నడిమి దినమున నీళ్ళలో ఇద్దరిద్దరు బోధకులు నిలబడ్డారు, అలసినప్పుడు వేరే ఇద్దరు దిగారు. అందరూ కలిసి ఆరుగురు. ఒక్కొక్కరి పేరు పిలిచి, ఒక్కొక్కరికే ఇచ్చారు. క్లౌ దొర ఆ రోజు నీళ్ళలోకి దిగలేదు. ఇచ్చినవారందరూ తెలుగువారే. మన ప్రాంతపు బాప్తిస్టు సంఘాలలో తాతల పేర్లు తెలిసిన కుటుంబాలు చాలావరకు తమ వేరును ఆ రోజుల దాకా చెప్పుకుంటాయి.

2222 అనే అంకె మనకు కంఠస్థం. వార్షికోత్సవాలలో, బ్యానర్ల మీద దాన్ని మెరిపిస్తాము. ఆ 15 నెలలను గూర్చి మాత్రం మనలో మాట్లాడేవారు అరుదు. మాకు తోచినంతలో ఉజ్జీవము జూలై 3న రాలేదు. అది కాలువ గట్టు మీదనే వచ్చింది. గుండ్లకమ్మలో కనబడింది, అంతే.

ఆ మాటకొస్తే ఇంకా వెనక్కి పోవాలి. శామ్యూల్ డే దొర 1836లో తెలుగు దేశానికి వచ్చారు, 1840లో నెల్లూరు చేరారు. ఏళ్ళు గడిచినా ఫలం చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటంత. ఈ మిషనును మూసివేద్దామని అమెరికాలో ఒకసారి కాదు, మూడుసార్లు తర్జనభర్జనలు జరిగాయి. ఒంటరి నక్షత్రం అనే పేరు దానికి 1853లో ఆ చర్చల్లోనే వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. మొత్తం అయిదుగురు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. ఆ తెల్లవారుజాముకూ గుండ్లకమ్మకూ నడుమ 24 ఏళ్ళు. డే దొర 1871లోనే కన్నుమూశారు. ఆయన ఆ కోత చూడలేదు. మన నిరీక్షణ ఈ నెల కూటములకూ వచ్చే నెల పంటకూ ముడిపడినదైతే, ఆయన జీవితాన్ని ఏ లెక్కలో వేస్తాము?

యర్రగుంట్ల పేరయ్యగారిని కూడా తలచుకోవాలి. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి, ప్రభువును ఎరుగక మునుపు రాజయోగం అభ్యసించిన జిజ్ఞాసువు. 1866లో బాప్తిస్మము పొందారు. 1867 జనవరిలో క్లౌ దొర ఆయన ఊరు తాళ్ళకొండపాడు వెళ్ళినప్పుడు ఆయన సాక్ష్యము విని సిద్ధపడిన 28 మంది బాప్తిస్మము పొందారు. మాదిగవారిని చేర్చుకుంటే మేము రామని ఒంగోలులో పైకులాలవారు దూరమయ్యారు. క్లౌ దొర, ఆయన భార్య అదే సమయంలో వేర్వేరుగా లేఖనము తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయమే ఎదురైందని చెబుతారు. లోకము నీచులని ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగమది. కరువు రాకముందు పదేళ్ళు పేరయ్యగారివంటివారు కాలినడకన పల్లె పల్లె తిరిగి ఉండకపోతే, కాలువ గట్టున ఆ మాట వినేవారెవరు?

ఇంత చెప్పి, ఆ ఉజ్జీవములోని కొరతను దాచడం న్యాయం కాదు. చేరినవారు వేలు, నేర్పేవారు కొద్దిమంది. ఎన్నో పల్లెలలో బోధకుని ముఖం చూడటమే అరుదైంది. ఇంకా 25 మంది మిషనరీలు కావాలని 1890లో క్లౌ దొర అమెరికా వెళ్ళి అడగవలసి వచ్చింది. నేటికీ మన పల్లె సంఘాలలో కనబడే బలహీనతకు మూలం కొంత అక్కడ ఉన్నదని మా అభిప్రాయం. ఉజ్జీవము కోరేవారు ఆదివారపు బడికి ఉపాధ్యాయులను కూడా కోరుకోవాలి.

మన కాలపు కరువులు వేరు. 1987-88లో పత్తికి తెల్లదోమ పట్టి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు పురుగుమందు తాగిన సంగతి పెద్దవారికి జ్ఞాపకమే. 2015లో పొగాకు ధర పడిపోయి మన జిల్లాలోనే రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2017లో మిర్చి పండింది, ధర పండలేదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతనే తినేసింది. ఇప్పుడు ఆకలితో చావడం కన్న అప్పుతో, అవమానంతో చావడం ఎక్కువైంది. అప్పు పడినవాడు మొదట మానేసేది గుడికి రావడం. బాకీదారులు అక్కడా ఎదురుపడతారని సిగ్గు. రెండు ఆదివారాలు కనబడని కుటుంబాన్ని గూర్చి మన సంఘ పెద్దలు ఏమంటున్నారు? చల్లారిపోయాడు అంటున్నారా, లేక ఆ సాయంత్రమే వెళ్ళి అరుగు మీద కూర్చుంటున్నారా?

కొన్ని సంఘాలలో స్త్రీల సమాజాలవారు పిడికెడు బియ్యం తీస్తారు. వంటకు కొలిచిన గింజలలో నుండి ఒక గుప్పెడు వేరే కుండలో వేసి ఆదివారం తెస్తారు. చాలాచోట్ల ఆ బియ్యం వేలం వేసి సంఘ నిధిలో కలుపుతున్నారు. కౌలు మునిగిన ఇంటికి, మగదిక్కు పోయిన ఇంటికి ఆ బియ్యం ముందుగా చేరితే బాగుంటుంది. తీసుకున్నవారు ఏ సంఘమో, అసలు గుడికి వస్తారో రారో అడగకుండా చేరితే మరీ బాగుంటుంది. భర్తను పోగొట్టుకున్న సోదరికి పిల్లవాడి ఫీజు ఎక్కడ కట్టాలో, రుణమాఫీ కాగితం ఎవరికి ఇవ్వాలో తెలియదు. చదువుకున్న యౌవనస్థుడు ఒకడు వెంట వెళ్ళి ఒక పూట ఆఫీసు వరండాలో నిలబడితే అది కూడా కాలువ పనే.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ కోస్తాలో చాలాచోట్ల పొంగి వచ్చిన నీటిని బకింగ్‌హాం కాలువ తనలోకి తీసుకుని, లోపలి ఊళ్ళమీదకు పోకుండా కొంత ఆపిందని నిపుణులు రాశారు. పౌను గింజలకు మట్టి మోసినవారెవరూ దాన్ని ఊహించి ఉండరు. వారు ఆ పూట కూలి కోసం తవ్వారు. వారి పేర్లు చాలావరకు ఏ పుస్తకములోనూ లేవు. వెల్లంపల్లి నుండి వారు తిరిగి ఇళ్ళకు వెళ్ళి, అప్పు తెచ్చిన విత్తనం చేతబట్టి, ఆ ఏటి వాన కోసం ఆకాశం వైపు చూశారు.