గాలియు వంతెనయు

అమెరికా దేశమున టకోమా నగరము చెంత ఒక జలసంధి కలదు. దానిపై 1940 జులై 1వ తేదీన ఒక వ్రేలాడు వంతెనను తెఱచిరి. రెండు స్తంభముల నడుమ దాని నిడివి 853 మీటర్లు. వెడల్పు 12 మీటర్లు మాత్రమే. బాట కిరుప్రక్కల 2.4 మీటర్ల యెత్తున ఉక్కుపలకల దూలములు గోడలవలె నిలిచియుండెను. మొదటినుండియు ఆ వంతెన చిరుగాలికే అలవలె లేచిపడుచుండెను.

ఆ యేడు నవంబరు 7వ తేదీన గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగముతో గాలి వీచెను. అది ప్రచండమైన తుపాను కాదు. అయినను వంతెన మెలికలు తిరిగి, నడిమి భాగము తెగి నీటిలో కూలెను. మనుష్యులెవ్వరును మరణింపలేదు, కారులో చిక్కిన కుక్క యొకటి చనిపోయెను.

కారణమేమి? బరువును మోయు బలము వంతెనకు లేకపోలేదు. లోపము ఆకారమునందున్నది. గాలి ఆ దూలములను దాటి చొచ్చిపోవ వీలులేక, పైకిని క్రిందికిని చీలి సుడులు తిరిగెను. బాట ఇరుకై, పలుచనై యుండుటచే మెలిపడెను. మెలిపడినకొలది గాలి తాకు కోణము మారెను. ఆ మార్పు మెలికను మఱింత పెంచెను. ఇట్లు వంతెన తన కదలికచేతనే గాలినుండి శక్తిని గ్రహించి, తన్ను తానే చెఱుపుకొనెను.

1950లో అచ్చటనే కట్టిన క్రొత్త వంతెనకు గాలి దూరిపోవునట్లు సందులుగల ఉక్కుచట్రములను 10 మీటర్ల యెత్తున అమర్చి, బాటను వెడల్పు చేసిరి. బ్రిటనులో సెవర్న్ నదిపై 1966లో తెఱచిన వంతెనకు వేఱొక ఉపాయము పన్నిరి. దాని బాట లోన బోలుగా, అంచులు సన్నగా, విమానపు ఱెక్కను పోలియుండును. గాలి దాని నొరసికొని సాఫీగా జారిపోవును.

నేడు పెద్ద వంతెనలను కట్టుటకు ముందు వాని నమూనాలను గాలిసొరంగములలో పరీక్షింతురు. కట్టడమునకు బలమొక్కటే చాలదు, ఆకృతియు తగియుండవలెను.