హెచ్.ఐ.వి. మందుల చికిత్సా పరీక్షలు

హెచ్.ఐ.వి. వైరస్‌ను అదుపుచేసే మందులు మనుషులకు ఎంత మేలు, ఎంత హాని చేయునో తెలుసుకొనుటకు నియమబద్ధంగా జరిపే పరిశోధనలను హెచ్.ఐ.వి. మందుల చికిత్సా పరీక్షలు అంటారు. వీటికే క్లినికల్ ట్రయల్స్ అని పేరు. వైరస్ సోకినా ఆరోగ్యంగా కనిపించే వ్యక్తికి మందు ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న ఒక్క ప్రశ్నకు ఈ పరీక్షలు తుది సమాధానం ఇచ్చుటకు సుమారు 30 సంవత్సరాలు పట్టినది.

పరీక్ష జరిపే విధానం

ప్రయోగశాలలో వైరస్‌ను అణచిన ప్రతి మందూ మనిషికి మేలు చేయదు. అందువలన మందును మొదట కొద్దిమందికి ఇచ్చి, ఎంత మోతాదును శరీరం తట్టుకొనునో చూస్తారు. తరువాత ఎక్కువమందిని రెండు జట్లుగా విభజించి పోల్చుతారు. ఎవరు ఏ జట్టులో చేరాలన్నది వైద్యుడు గాని రోగి గాని ఎంచుకొనరు. చీటీలు తీసినట్లుగా నిర్ణయమవుతుంది. లేనిచో బలంగా ఉన్నవారు ఒకే జట్టులో చేరి, మందు చేయని మేలు కూడా చేసినట్లు కనిపించవచ్చును.

ఒక జట్టుకు కొత్త మందును, రెండవ జట్టుకు పాత మందును గాని, చూచుటకు అలాగే ఉండే మందులేని మాత్రను గాని ఇస్తారు. ఈ మందులేని మాత్రను ప్లసీబో అంటారు. పరీక్షతో సంబంధం లేని నిపుణుల సంఘం మధ్యమధ్య ఫలితాలను పరిశీలిస్తుంది. ఒక జట్టుకు స్పష్టంగా నష్టం జరుగుతున్నదని తేలితే పరీక్షను ముందుగానే ఆపమని సూచిస్తుంది.

తొలి మందు జిడోవుడిన్

జిడోవుడిన్‌ను ఎ.జడ్.టి. అని కూడా పిలుస్తారు. 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ దీనిని కాన్సర్ మందుగా తయారుచేశాడు. ఆ పనికి ఉపయోగపడక ఇది మూలన పడినది. హెచ్.ఐ.వి. తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చుకొని మనిషి కణంలో స్థిరపడుతుంది. జిడోవుడిన్ డి.ఎన్.ఏ. గొలుసులోని ఒక లంకెను పోలి ఉండి, దాని స్థానంలో చేరి, గొలుసు పెరగకుండా ఆపుతుంది. 1985 జూలైలో దీనిని తొలిసారి ఎయిడ్స్ రోగికి ఇచ్చారు.

1986లో అమెరికాలో 282 మంది రోగులతో పెద్ద పరీక్ష మొదలైనది. ఆ సంవత్సరం సెప్టెంబరు నాటికి ప్లసీబో జట్టులో 19 మంది, మందు జట్టులో ఒక్కరు మరణించారు. వెంటనే పరీక్షను ఆపి, ప్లసీబో జట్టువారికి కూడా మందు ఇచ్చారు. 1987 మార్చిలో అమెరికా ప్రభుత్వం దీనిని ఆమోదించినది. ఆనాటి అధిక మోతాదు వలన చాలామందికి తీవ్రమైన రక్తహీనత కలిగినది.

కాంకార్డ్ పరీక్ష

హెచ్.ఐ.వి. ముఖ్యంగా సీడీ4 అనే తెల్ల రక్తకణాలను నాశనం చేస్తుంది. ఈ కణాల సంఖ్య రోగనిరోధక శక్తికి కొలమానం. లక్షణాలు లేనివారికి కూడా జిడోవుడిన్ వలన వ్యాధి ముదరడం ఆలస్యమగునని 1989లో ఒక అమెరికా పరీక్ష తెలిపినది. ఆ పరీక్షను త్వరగా ముగించారు గనుక దీర్ఘకాలంలో ఏమగునో తెలియలేదు.

బ్రిటన్, ఐర్లండు, ఫ్రాన్సులలో 1988లో మొదలైన కాంకార్డ్ పరీక్షలో లక్షణాలు లేని 1,749 మంది పాల్గొన్నారు. ఒక జట్టుకు వెంటనే, రెండవ జట్టుకు వ్యాధి ముదిరిన తరువాత జిడోవుడిన్ ఇచ్చారు. మూడేళ్ళ తరువాత మొదటి జట్టులో 92 శాతం, రెండవ జట్టులో 94 శాతం మంది జీవించి ఉన్నారు. మొదటి జట్టులో సీడీ4 సంఖ్య ఎక్కువగా ఉన్నప్పటికీ ఆయుష్షు పెరగలేదు. రక్తపరీక్షలోని మెరుగుదల ఒక్కటే మందుకు తగిన కొలమానం కాదని దీనివలన తెలిసినది.

మందుల కలయిక

హెచ్.ఐ.వి. తన నకళ్ళు తీసుకొనునప్పుడు తరచు తప్పులు చేస్తుంది. ఆ తప్పులలో కొన్ని మందుకు లొంగని రకాలను పుట్టిస్తాయి. ఒకే మందు వాడినచో అటువంటి రకాలే మిగిలి పెరుగుతాయి. వేరువేరు మందులను కలిపి ఇచ్చినచో అన్నింటినీ ఒకేసారి తప్పించుకొనుట వైరస్‌కు చాలా కష్టం. ఒక మందు కంటె రెండు మందులు మేలని 1995-96లో డెల్టా మొదలైన పరీక్షలు చూపినవి. 1,156 మందితో జరిగిన మరొక పరీక్షలో ఎయిడ్స్ లేదా మరణం సంభవించినవారు రెండు మందుల జట్టులో 11 శాతం కాగా, మూడు మందుల జట్టులో 6 శాతం మాత్రమే. దానిని 1997లో ముందుగానే ఆపివేశారు.

పాత ప్రశ్నకు కొత్త జవాబు

మూడు మందులు వచ్చిన తరువాత పాత ప్రశ్నను మళ్ళీ పరీక్షించవలసి వచ్చినది. దుష్ఫలితాలు తగ్గునన్న ఆశతో మందును మధ్యమధ్య ఆపి చూచిన స్మార్ట్ పరీక్షలో 5,472 మంది పాల్గొన్నారు. ఆపినవారికే ఎక్కువ హాని కలుగుటచే 2006లో ఆ పద్ధతిని విరమించారు. 35 దేశాలలో 4,685 మందితో జరిగిన స్టార్ట్ పరీక్షలో సీడీ4 సంఖ్య 500కు పైగా ఉన్నవారిని తీసుకొన్నారు. తీవ్రవ్యాధులు లేదా మరణాలు వెంటనే మందు వాడిన జట్టులో 42 మందికి, వాయిదా వేసిన జట్టులో 96 మందికి సంభవించినవి. ఈ ఫలితాన్ని 2015 మే నెలలో వెల్లడించారు.

చెన్నై, పూణే నగరాలు కూడా పాలుపంచుకొన్న మరొక పరీక్ష 2011లో ఇంకొక మేలును వెల్లడించినది. భార్యాభర్తలలో హెచ్.ఐ.వి. ఉన్నవారు ముందుగా మందు వాడినచో రెండవవారికి వైరస్ సోకుట 96 శాతం తగ్గినది.

భారతదేశంలో

భారత ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత చికిత్సను ప్రారంభించినది. వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకు ప్రాధాన్యమిచ్చారు; నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. అప్పట్లో సీడీ4 సంఖ్య బాగా తగ్గినవారికే మందు ఇచ్చేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ హద్దును 2010లో 350కి, 2013లో 500కు పెంచి, 2015లో పూర్తిగా తొలగించినది. 2017 నుండి భారతదేశంలో కూడా సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా, హెచ్.ఐ.వి. నిర్ధారణ అయిన ప్రతివారికీ మందు ఇవ్వాలన్న విధానం అమలులోకి వచ్చినది.