బాంబే రక్తవర్గం

బాంబే రక్తవర్గం మానవ రక్తవర్గాలలో మిక్కిలి అరుదైనది. 1952లో డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు బొంబాయిలో దీనిని కనుగొన్నందున ఆ పేరు వచ్చింది. భారతదేశంలో సుమారు 10,000 మందిలో ఒకరికి ఈ రక్తం ఉంటుందని అంచనా. ఐరోపాలో ఇంకా అరుదు.

ఎర్ర రక్తకణాలపై ఉండే ఎ, బి ప్రతిజనకాలు హెచ్ అనే మరొక ప్రతిజనకం నుండి తయారవుతాయి. ఓ వర్గంవారిలో ఎ, బి లు లేకపోయినా హెచ్ సమృద్ధిగా ఉంటుంది. బాంబే వర్గంవారిలో అదీ ఉండదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. మామూలు పరీక్షలో వీరి రక్తం ఓ వర్గంగానే కనబడుతుంది. ఓ వర్గంవారు విశ్వదాతలని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ సూత్రం వీరి విషయంలో ప్రాణాంతకం కావచ్చు. వీరి రక్తంలోని ప్రతిరక్షకాలు హెచ్ ఉన్న కణాలను విచ్ఛిన్నం చేస్తాయి. కనుక వీరికి బాంబే వర్గపు రక్తమే ఎక్కించాలి. వీరి సీరమును ఓ వర్గపు కణాలతో కలిపి చూస్తే అవి ముద్దకడతాయి. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది.

ఇది తల్లిదండ్రులిద్దరి నుండి అంతర్గత జన్యువు సంక్రమించినప్పుడే ఏర్పడుతుంది. మేనరికపు వివాహాలలో ఈ అవకాశం పెరుగుతుంది.

ఎర్రకణాలను శీతల నిల్వలో గరిష్ఠంగా 42 రోజులే ఉంచగలరు. ఎప్పుడో అవసరపడే ఈ రక్తాన్ని ముందుగా సేకరించి ఉంచడం కష్టం. అందువలన రక్తనిధులు దాతల వివరాలను నమోదు చేసుకొని, అవసరమైనపుడు పిలిపిస్తాయి. తల్లిదండ్రులిద్దరూ ఈ జన్యువుకు వాహకులైతే ప్రతి సంతానానికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. కాబట్టి దాత కోసం ముందుగా రోగి తోబుట్టువులను పరీక్షిస్తారు.