రింగులు కూర్చోవాలంటే

పాత అంబాసిడర్‌కి బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి గాజువాక ఆటోనగర్ నుంచి బయటికి తెస్తే వినబడే సలహా ఒకటే: వెయ్యి కిలోమీటర్ల దాకా మెల్లగా నడపండి. అందులో సగమే సరైనదని నా వాదన. వేగం తగ్గించడం సబబే. భారం కూడా తగ్గిస్తే మాత్రం ఇంజన్‌కి చేటు. ఈ 1489 సీసీ ఇంజన్‌లో సిలిండర్ వ్యాసం దాదాపు 73 మిల్లీమీటర్లు. బోరింగ్ అయ్యాక హోనింగ్ రాళ్లు దాని గోడ మీద ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలు వదిలిపెడతాయి. ఈ గోడ పోత ఇనుముది. అందులోని గ్రాఫైట్ రేకులు కూడా ఒరిపిడిని కొంత తగ్గిస్తాయి. గీతల పల్లాల్లో ఆయిల్ నిలుస్తుంది, మిట్టలు ఆకురాయిలా రింగు అంచును అరగదీసి గోడకు సరిపోయేలా చేస్తాయి. అయితే రింగును గోడకు గట్టిగా అదిమేది ఎవరు? దాని సొంత స్ప్రింగు బలం చాలా తక్కువ. పేలిన వాయువు పై రింగు మీదుగా దూరి, గాడిలో దాని వెనక చేరి బయటికి నెడుతుంది. తప్పించుకోబోయిన వాయువే తన దారిని తానే మూసేసుకుంటుందన్నమాట! ఇంజన్ విద్యలో ఇంతకంటే అందమైన ఉపాయం నాకు కనబడలేదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే ఆ ఒత్తిడి అంత పెరుగుతుంది. బీచ్ రోడ్డు ట్రాఫిక్‌లో పాకిస్తూ ఉంటే రింగు ఆయిల్ పొర మీద ఊరికే జారుతుంది; గోడ మీద ఆయిల్ మాడి, గీతలు పూడి, అద్దంలా నునుపెక్కుతుంది. ఇక అరుగుదల ఉండదు, నీలం పొగ మాత్రం మిగులుతుంది. మళ్లీ ఇంజన్ విప్పాల్సిందే.

కొత్త బేరింగులు బిగుతుగా ఉంటాయి, వేడెక్కి పట్టేయవా అని అడగవచ్చు. నిజమే, అందుకే ఈ భారం కాసేపే ఉండాలి. ఆనందపురం వైపు హైవే మీద టాప్ గేర్‌లో నలభై నుంచి అరవై దాకా గట్టిగా లాగించి, కాలు తీసేసి, దానంతటదే తగ్గనివ్వాలి. కాలు తీసినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే శూన్యం ఆయిల్‌ను పైకి లాగి గోడను చల్లబరుస్తుంది, లోహపు పొడిని కడుగుతుంది. టాప్ గేర్‌లోనే ఈడ్చుకుంటూ సింహాచలం ఘాట్ ఎక్కించడం మాత్రం వద్దు. తిరిగే వేగం పడిపోతే బేరింగుల్లో ఆయిల్ పొర పలుచబడుతుంది. స్టార్ట్ చేసి గంటసేపు స్లోలో వదిలేయడమూ మంచిది కాదు. క్యామ్ షాఫ్ట్‌కి ఆయిల్ చాలావరకు చిందడం వల్లే అందుతుంది, స్లోలో అది అంతగా చిందదు. కొత్త క్యామ్ వేసి ఉంటే మొదటి ఇరవై నిమిషాలూ నిమిషానికి దాదాపు 2000 చుట్ల మీద నడపాలి.

ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోస్తే సరిపోదా అంటారు. ఈ దశలో ఆ జారుడే అడ్డం. మామూలు మినరల్ ఆయిలే పోసి, 800 కిలోమీటర్ల దగ్గర ఫిల్టర్‌తో సహా మార్చేయాలి. పైగా పొగగొట్టంలోని శుద్ధి యంత్రాలు పాడవకుండా నేటి ఆయిళ్లలో చాలావాటిలో జింకు, ఫాస్ఫరస్ తగ్గించారు. ఈ పాత క్యామ్‌కి కావలసినవి సరిగ్గా అవే. నేటి కార్లకు గీతల మొనలను ఫ్యాక్టరీలోనే చదును చేసి పంపుతారు కాబట్టి ఈ తంటా చాలావరకు తప్పింది. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మిగిలిన బండ్లకు ఆ చివరి అరుగుదల ఇప్పటికీ రోడ్డు మీదే, నడిపేవారి కాలి కిందే జరగాలి.