మీటతుపాకికి గుండ్ల అచ్చు

బడిపంతులనగు నేను తుపాకి పట్టినవాఁడను గాను. చదివి తెలిసికొన్నది విన్నవించుచున్నాను.

జాన్ బ్రౌనింగు రూపొందింపఁగా అమెరికాలో 1894లో వెలువడిన వించెస్టరు మీటతుపాకి జింకలవేటకుఁ బేరుగొన్నది. దాని గొట్టము క్రింద మఱియొక సన్నని గొట్టముండును. అందుఁ దూటాలు చీమలబారువలె నొకదానివెనుక నొకటి నిలుచును. ముందుదాని యడుగున మందును రగుల్చు టోపీ. దాని కానుకొని వెనుకదాని గుండుముక్కు. ముక్కు వాఁడియైనచో, పేల్చినపు డదరుపాటున టోపీని గ్రుద్ది, తూటా లోపలనే ప్రేలవచ్చును. వేటగాని చేయి పోవచ్చును.

కావున సీసముఁ గరఁగించి గుండ్లు పోసికొనువాఁడు చదునుముక్కు అచ్చునే యెన్నవలెను. అట్టి గుండు మృగమును త్వరగాఁ గూల్చును. దానికి యాతన తగ్గును. బరువు 170 గ్రెయినులు, అనఁగా 11 గ్రాములు, చాలును. గుండులావు గొట్టపు గాడుల కొలతకంటె అంగుళములో వేయవవంతు హెచ్చుగా నుండవలెను. లేనిచో వాయువు ప్రక్కల జాఱి గుఱి చెడును.

వాఁడి చూచి మురియక, ఇముడు చోటు చూచి పనిముట్టు నెన్నుట వివేకము.