మోటారు సైకిలు బీమా – గడచిన ఏండ్ల లెక్క

ఒకే పాఠశాలలో పనిచేసే ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే నెలలో ఒకే రకము మోటారు సైకిళ్ళు కొన్నారనుకోండి. ఇద్దరి ఇండ్లును ఒకే వీధిలో ఉన్నవి. మొదటి ఏడు ఇద్దరును బీమాకు ఒకే మొత్తము చెల్లించినారు. ఆరవ ఏట మాత్రము, తన బండికి కలిగే నష్టము కొరకు మొదటివారు చెల్లించినది రెండవవారు చెల్లించినదానిలో సగమే. బండి ఒకటే, ఊరు ఒకటే. మరి ఈ తేడా ఎక్కడినుండి వచ్చినది?

మొదటివారు ఐదేండ్లలో ఒక్కసారియైనను నష్టపరిహారము కోరలేదు. రెండవవారు ఐదవ ఏట ఒకసారి కోరినారు. తేడా అంతయు ఇందులోనే ఉన్నది. రేపు రోడ్డుపై ఏమి జరుగునో ఎవరికిని తెలియదు. అయినను జరిగినదానిని బట్టి జరగబోవుదానిని అంచనా వేయుటకు గణితములో ఒక మార్గము కలదు.

బీమాలోని రెండు భాగములు

మోటారు సైకిలు బీమాలో రెండు ముఖ్యమైన భాగములు ఉంటవి. ఆ బండి వలన ఇతరులకు కలిగే హానికి సంబంధించినది మొదటి భాగము. దీనిని థర్డ్ పార్టీ బీమా అంటారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 146వ విభాగము ప్రకారము ఇది లేనిదే బండిని రోడ్డుపై నడపరాదు. సొంత బండికి జరిగే నష్టమునకు సంబంధించినది రెండవ భాగము. ఇది యజమాని ఇష్టముపై ఆధారపడి ఉంటుంది.

మొదటి భాగము ధర ఇంజను పరిమాణమును బట్టి ఉంటుంది. 2022 జూన్ 1న అమలులోనికి వచ్చిన పట్టికలో 75 సి.సి. వరకు 538 రూపాయలు, 75 నుండి 150 సి.సి. వరకు 714 రూపాయలు, 150 నుండి 350 సి.సి. వరకు 1,366 రూపాయలు, అంతకు మించినచో 2,804 రూపాయలుగా సంవత్సరపు ప్రీమియం నిర్ణయించబడినది. నడిపేవాడు నెమ్మదియైనవాడా, దుడుకువాడా అన్న ప్రశ్న ఈ పట్టికలో లేదు.

గడచిన చరిత్రకు చోటు దొరికేది రెండవ భాగములోనే. దీనినే నో క్లెయిం బోనస్ అంటారు. పరిహారము కోరని ఏడు ఒకటి గడచినచో 20 శాతము, వరుసగా రెండు గడచినచో 25, మూడు గడచినచో 35, నాలుగు గడచినచో 45, ఐదు గడచినచో 50 శాతము తగ్గింపు లభిస్తుంది. ఒక్కసారి పరిహారము పొందినచో మరుసటి ఏడు తగ్గింపు సున్న అవుతుంది. ఇది బండికి కాక యజమానికి చెందిన హక్కు. పాత బండి అమ్మి కొత్తది కొన్నను వెంట వస్తుంది. గడువు ముగిసిన తరువాత 90 రోజులలోగా బీమాను పునరుద్ధరించనిచో పోతుంది.

ఒక ఊహాజనితమైన లెక్క

తగ్గింపు మెట్టుమెట్టుగా పెరుగుటకు, ఒక్కసారిగా పడిపోవుటకు కారణమేమి? బండ్లు నడిపే 1,000 మందిని ఊహించండి. వారిలో 800 మంది జాగ్రత్తపరులు. ఒక ఏడాదిలో వారికి ప్రమాదము జరిగే సంభావ్యత 20లో 1 వంతు. మిగిలిన 200 మంది అజాగ్రత్తపరులు. వారి విషయములో అది 4లో 1 వంతు. ఎవరు ఏ వర్గమువారో బీమా సంస్థకు తెలియదు. ముఖము చూచి చెప్పుటకు వీలులేదు.

మొదటి ఏడాది జాగ్రత్తపరులలో 40 మందికి, అజాగ్రత్తపరులలో 50 మందికి ప్రమాదము జరుగుతుంది. మొత్తము 90, అనగా నూటికి 9. కాబట్టి మొదటి ఏడు అందరివద్దను ఒకే ధర తీసుకొనుట న్యాయము.

ఏడాది చివర పరిస్థితి మారుతుంది. ప్రమాదము జరిగిన 90 మందిలో 50 మంది అజాగ్రత్తపరులు. ఈ గుంపులో మరుసటి ఏట ప్రమాద సంభావ్యతను లెక్కించినచో నూటికి సుమారు 16 వస్తుంది. ప్రమాదము జరగని 910 మందిలో 760 మంది జాగ్రత్తపరులు, 150 మంది అజాగ్రత్తపరులు. వీరి విషయములో అది నూటికి 8.3 మాత్రమే. ఐదేండ్లు వరుసగా ప్రమాదము లేనివారిని మాత్రమే తీసికొన్నచో నూటికి సుమారు 6.4కు దిగుతుంది.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. ప్రమాదము లేని ఒక ఏడాది 9ని 8.3కు మాత్రమే తగ్గించినది. ఒక ప్రమాదము 9ని 16కు పెంచినది. ఏమియు జరగకపోవుట అందరికిని సాధారణము కాబట్టి అది చిన్న సాక్ష్యము. ప్రమాదము అరుదు కాబట్టి అది పెద్ద సాక్ష్యము. మంచి పేరు మెల్లగా వచ్చి, చెడ్డ పేరు త్వరగా వచ్చుటకు గణితములోని కారణమిదే.

సాక్ష్యమును బట్టి సంభావ్యతను సవరించే ఈ పద్ధతికి మూలపురుషుడు ఆంగ్ల మతాచార్యుడు థామస్ బేయ్జ్. ఆయన మరణానంతరము, 1763లో, ఆ వ్యాసమును వెలుగులోనికి తెచ్చిన మిత్రుడు రిచర్డ్ ప్రైస్ జీవిత బీమా లెక్కలలో కూడ కృషి చేసినవాడు. 1959లో బెయిలీ, సైమన్ అను ఇద్దరు గణకులు కెనడా దేశపు సొంత కార్ల లెక్కలను పరిశీలించి, ఒక కారుకు సంబంధించిన ఒక్క ఏడాది అనుభవమునకు కూడ కొలువదగిన విలువ ఉన్నదని చూపినారు.

చిన్న నష్టమునకు పరిహారము కోరవచ్చునా?

పై ఊహలో ఒక ఏడాది మంచితనము విలువ స్వల్పము. కాని మన దేశములో మొదటి తగ్గింపే 20 శాతము. దీనికి మరియొక ప్రయోజనము కలదు: చిన్నచిన్న నష్టములకు పరిహారము కోరకుండ చేయుట.

ఒక యజమాని సొంత నష్టపు మూల ప్రీమియం ఏటా మారక 2,000 రూపాయలు ఉన్నదనుకోండి. మూడేండ్లు పరిహారము కోరలేదు కాబట్టి 35 శాతము తగ్గింపు ఉన్నది. నాల్గవ ఏట అద్దము, ఇండికేటరు విరిగినవి. పరిహారము కోరనిచో ముందు ముందు అతడు చెల్లించేది వరుసగా 1,100, 1,000, 1,000, 1,000, 1,000. కోరినచో 2,000, 1,600, 1,500, 1,300, 1,100. తేడాలు 900, 600, 500, 300, 100. మొత్తము 2,400 రూపాయలు. మరల ప్రమాదము జరగనిచో, 2,400కు తక్కువైన పరిహారము కోరుట అతనికి నష్టమే.

తప్పు ఎవరిది?

ఈ లెక్కలో ఒక చిక్కు ఉన్నది. పై ఉదాహరణలో ప్రమాదము జరిగిన 90 మందిలో 40 మంది జాగ్రత్తపరులే. ఎర్రదీపము వద్ద నిలిచియున్న బండిని వెనుకనుండి మరొకరు గుద్దినను, యజమాని తన బీమా నుండి పరిహారము పొందినచో అతని బోనస్ పోతుంది. ఎర్రదీపమును లెక్కచేయక దూసుకుపోయినవాడు, అదృష్టవశమున ప్రమాదము లేక బయటపడినచో, పూర్తి బోనస్ పొందుతాడు. ఇక్కడ కొలిచేది నడిపే తీరు కాదు, పరిహారము కోరిన తీరు.

ఫ్రాన్సులో పెద్ద మోటారు సైకిళ్ళకు కూడ వర్తించే పద్ధతి వేరు. అక్కడ అందరును 1 అను గుణకముతో మొదలిడుతారు. ప్రమాదము లేని ప్రతి ఏట దానిని 0.95తో గుణిస్తారు, 13 ఏండ్లకు అది 0.50కి దిగుతుంది. ప్రమాదములో తప్పు పూర్తిగా తనదే అయినచో 1.25తో, కొంత మాత్రమే తనదైనచో 1.125తో గుణిస్తారు. తప్పు తనది కానిచో గుణకము పెరగదు. బ్రిటనులో బీమా ధర నిర్ణయించునప్పుడు ట్రాఫిక్ నేరములను కూడ పరిగణిస్తారు.

మన దేశములో కూడ ఇట్టి ఆలోచన జరిగినది. హైదరాబాదు ప్రధాన కేంద్రముగా గల బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ నియమించిన బృందము, ట్రాఫిక్ ఉల్లంఘనలకు పాయింట్లు వేసి వాటిని బట్టి అదనపు ప్రీమియం తీసుకొనవలెనని 2021 జనవరిలో వెలువడిన నివేదికలో సూచించినది. అందు త్రాగి నడుపుటకు 100 పాయింట్లు, తగని చోట బండి నిలుపుటకు 10 పాయింట్లు ప్రతిపాదించబడినవి. సాక్ష్యము ఎంత దగ్గరగా నడిపే తీరును చూపునో, ధర అంత న్యాయమగునని ఈ ఆలోచన సారాంశము.

విద్యార్థులు పై లెక్కలో 800, 200 అను సంఖ్యలను మార్చి, లేదా రెండేండ్లలో రెండు ప్రమాదములు జరిగినవారిని తీసికొని, మరల గుణించి చూడవచ్చును. అంకెలు మారినను ఒక సంగతి మారదు: గణితము గుంపును గురించి నిజము చెప్పగలదు, ఆ గుంపులోని ఒక్కొక్కరిని గురించి అంచనా మాత్రమే చెప్పగలదు. ఆ నలుబది మంది జాగ్రత్తపరులు ఆ అంచనాకు చెల్లించే మూల్యమును ఎట్లు తగ్గించవలెనన్నదే బీమా గణకుల ముందున్న ప్రశ్న.